అక్కడికక్కడే చనిపోయారని ఎవరు చెప్పారు?

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే జిల్లా పేపర్లో ఒక చిన్న వార్త తప్పకుండా కనిపిస్తుంది. “పిడుగుపాటుకు మహిళా కూలీ అక్కడికక్కడే మృతి.” రెండు రోజులు గడుస్తాయి. మరో మండలం, మరో పేరు. “గొర్రెల కాపరి అక్కడికక్కడే మృతి.” ఊరు మారుతుంది, పేరు మారుతుంది, వయసు మారుతుంది. మారనిది ఆ ఒక్క మాటే. అక్కడికక్కడే!

మిత్రులారా, మా ప్రశ్న కూడా ఒక్కటే. ఆ అక్క, ఆ అన్న అక్కడికక్కడే చనిపోయారని ఎవరు చెప్పారు? డాక్టరు చూశాడా? మెడ దగ్గర నాడి పట్టి చూసినవాళ్లున్నారా? ఛాతీ మీద చెయ్యి వేసినవాళ్లున్నారా? చాలాసార్లు ఎవరూ ఉండరు. తోటి కూలీలు భయపడి దూరంగా నిలబడతారు. వాన తగ్గాక దగ్గరికి వెళతారు. ఒళ్లు చల్లబడింది, కాళ్లూ చేతులూ నీలంగా ఉన్నాయి, కళ్లు తేలేసింది, ఇక లాభం లేదు అనుకుంటారు. ఆ తర్వాత ఏడుపే.

మేం చెప్పదలచుకున్నది ఇదీ. పిడుగు తగిలినవాళ్లంతా చావరు. చచ్చిపోయినట్టు కనిపించేవాళ్లలో కొందరు ఇంకా చచ్చిపోలేదు. ఆ కొద్ది నిమిషాల్లో పక్కనున్న మనిషి చెయ్యి వేస్తే బతికి ఉండేవాళ్లు, చెయ్యి వెయ్యకపోవడం వల్ల పోతున్నారు. ఇది తలరాత కాదు. మనకు నేర్పని చదువు. ఆ చదువు ప్రతి హాస్టల్లో నేర్పాలని అడగడానికే ఈ వ్యాసం.

ఇది ఎవరి ఇంటి వార్త?

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం మన దేశంలో పిడుగుపాటుకు 2021లో 2,880 మంది, 2022లో 2,887 మంది చనిపోయారు. 2022లో ప్రకృతి వైపరీత్యాల వల్ల పోయిన ప్రతి ముగ్గురిలో ఒకరికంటే ఎక్కువ పిడుగుకే బలయ్యారు. వరద వస్తే టీవీలు రోజంతా చూపిస్తాయి. తుఫాను వస్తే దానికి పేరు పెడతారు. పిడుగుకు పేరు లేదు. అది ఒక్కో పొలంలో ఒక్కరిని, ఇద్దరిని తీసుకుపోతుంది కాబట్టి ఎవరికీ పెద్దగా కనిపించదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36,749 పిడుగులు పడినట్టు లెక్క తేలింది. ఆ దెబ్బకు కనీసం తొమ్మిది మంది పోయారు. వారిలో తొమ్మిదేళ్ల పాప కూడా ఉంది. బీహార్‌లో 2020 జూన్ 25న ఒక్క రోజులోనే 80 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పొలం పనుల్లో ఉన్నవాళ్లే.

పక్కా ఇంట్లో, ఆఫీసులో కూర్చున్నవాళ్లకు పిడుగు ఒక పెద్ద చప్పుడు మాత్రమే. మిరపకాయలు కోసే అమ్మకు, పత్తి గింజలు నాటే పెద్దమ్మకు, గొర్రెలు తోలుకుపోయిన చిన్నాయనకు, ఉపాధి పనిలో మట్టి తవ్వే నాయనకు అది నెత్తిమీది ప్రమాదం. “మబ్బు పట్టింది, ఇంటికి పోతాం” అంటే ఆ పూట కూలి పోతుందేమోనని భయం. కల్లంలో ధాన్యం, ఎండబెట్టిన మిర్చి తడిస్తే ఏడాది కష్టం పోతుందని ఇంకో భయం. అందుకే పట్టాలు కప్పడానికి ఉరుముల్లోనే పరుగెత్తుతారు. అందుకే ఈ చావులు మన ఇళ్లలో ఎక్కువ.

ఒక సాయంత్రం స్టడీ అవర్ అయిపోయాక మాలో మేం మాట్లాడుకున్నాం. పిడుగు పడి మనిషో, గొడ్డో చనిపోవడం గురించి వినని ఊరు మా హాస్టల్లో ఒక్కటీ లేదు. “అప్పుడు ఏం చేశారు?” అని అడిగితే మాత్రం చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. “ఏముంది, తీసుకెళ్లి పూడ్చారు” అన్నాడు ఒక తమ్ముడు. ఆ జవాబే మమ్మల్ని ఈ వ్యాసం రాయించింది.

పాపం చేసినవాళ్ల మీదే పడుతుందా?

ఉరిమితే అర్జునుడి పేర్లు చదువుకోమని పెద్దవాళ్లు చెబుతారు. చదువుకుంటే భయం తగ్గుతుందేమో గానీ పిడుగు ఆగదు. “ఏ పాపం చేశాడో, పిడుగు పడింది” అనేవాళ్లూ ఉన్నారు. కోపం వస్తే “నీ నెత్తిన పిడుగు పడ” అని తిట్టేవాళ్లూ ఉన్నారు. ఈ మాటల వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. పోయినవాళ్ల ఇంటివాళ్లకు దుఃఖం మీద అవమానం. బతికి బయటపడినవాళ్లకు జీవితాంతం ఒక ముద్ర.

అమెరికాలో రాయ్ సల్లివాన్ అనే పార్కు ఉద్యోగి ఉండేవాడు. 1942 నుంచి 1977 వరకు ఆయనకు ఏడుసార్లు పిడుగు తగిలింది. ఏడుసార్లూ బతికాడు. ఆయన చేసిన పాపమేమిటి? వానా కాలంలో, కొండల్లో, అడవిలో ఆరుబయట ఉద్యోగం చేయడమే. పిడుగు మనిషి గుణం చూసి పడదు. మనిషి నిలబడిన చోటును బట్టి తగులుతుంది.

అది ఎలా తగులుతుందో కూడా తెలుసుకోవాలి. నేరుగా నెత్తిమీద పడేది చాలా తక్కువ. నూటికి మూడు, ఐదు కేసులు మాత్రమే. చెట్టు మీద పడి, ఆ చెట్టు నుంచి పక్కనున్న మనిషి మీదికి దూకేది సుమారు మూడో వంతు. అందుకే చెట్టు కిందికి చేరడమే అన్నిటికంటే చెడ్డ ఆలోచన. ఇక దాదాపు సగం కేసుల్లో పిడుగు ఎక్కడో పక్కన నేలమీద పడుతుంది. ఆ కరెంటు నేలలో పాకుతూ వచ్చి ఒక కాలి నుంచి ఎక్కి ఇంకో కాలి నుంచి దిగుతుంది. రెండు కాళ్ల మధ్య దూరం ఎంత ఎక్కువైతే దెబ్బ అంత ఎక్కువ. గొడ్ల ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, పైగా కరెంటు గుండె మీదుగా పోతుంది. మందలు మందలుగా జీవాలు చనిపోవడానికి కారణం ఇదే. నార్వే దేశంలో 2016 ఆగస్టులో ఒకే పిడుగుపాటుకు 323 రెయిన్‌డీర్ జింకలు చనిపోయాయి. అవి ఏ పాపం చేశాయి?

ఒంట్లో ఏం జరుగుతుంది?

పిడుగులో సుమారు 30 వేల ఆంపియర్ల కరెంటు ఉంటుంది. అది ప్రయాణించే దారిలో గాలి దాదాపు 30 వేల డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. అంత వేడి తగిలితే మనిషి బూడిద కావాలి కదా అనుకుంటాం. కానీ అది ఒంటిని తాకి ఉండే సమయం సెకనులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. చాలాసార్లు కరెంటు ఎక్కువ భాగం తడి బట్టల మీదుగా, చర్మం మీదుగా జారిపోతుంది. అందుకే కరెంటు తీగ పట్టుకున్నవాళ్లకు అయ్యేటంత లోతైన కాలిన గాయాలు పిడుగు తగిలినవాళ్లకు మామూలుగా ఉండవు. చెమట, వాన నీరు ఆవిరై చర్మం మీద గీతలుగా కాలుతుంది. మెడలో గొలుసు, నడుముకు బెల్టు ఉన్నచోట కొంచెం ఎక్కువ కాలుతుంది.

కొందరి ఒంటిమీద ఫెర్న్ ఆకు పరిచినట్టు ఎర్రటి గుర్తులు వస్తాయి. లిక్టెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరుతో వాటిని పిలుస్తారు. అవి కాలిన గాయాలు కావు, దేవుడి గుర్తులూ కావు. కొన్ని గంటల్లో, ఎక్కువలో ఎక్కువ ఒకటి రెండు రోజుల్లో వాటంతటవే పోతాయి.

మరి ప్రాణం ఎలా పోతుంది? ఇక్కడ మనం పదో తరగతి జీవశాస్త్రం గుర్తు తెచ్చుకోవాలి. అంత కరెంటు ఒక్కసారిగా తగిలితే గుండె ఆగిపోతుంది. ఊపిరి కూడా ఆగిపోతుంది. అయితే గుండెకు సొంతంగా కొట్టుకునే గుణం ఉంది. దాన్ని నడిపించే కణాలు దానిలోనే ఉన్నాయి. అందుకే చాలాసార్లు గుండె తనంతట తాను మళ్లీ మొదలవుతుంది. ఊపిరికి ఆ సౌకర్యం లేదు. ఊపిరి పీల్చమని ఆజ్ఞ ఇచ్చేది మెదడు కింది భాగంలో ఉన్న మజ్జాముఖం. పిడుగు దెబ్బకు అది మొద్దుబారుతుంది. గుండె కంటే చాలా ఆలస్యంగా తేరుకుంటుంది. ఈలోగా గుండె కొట్టుకుంటోంది గానీ రక్తంలో ఆక్సిజన్ లేదు. కొద్ది నిమిషాలకు ఆ గుండె అలసిపోయి రెండోసారి ఆగుతుంది. రెండోసారి ఆగిన గుండెను లేపడం చాలా కష్టం.

మిత్రులారా, ఈ రెండు ఆగడాల మధ్యనున్న కొద్ది నిమిషాలే అసలు విషయం. మొదటిసారి గుండెను ఆపింది పిడుగు. రెండోసారి ఆపింది ఊపిరి లేకపోవడం. పిడుగును మనం ఆపలేం. ఊపిరి మనం ఇవ్వగలం. ఆక్సిజన్ అందకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంత త్వరగా ఏ అంబులెన్సూ మన పొలాల్లోకి రాలేదు. అక్కడ ఉన్నది మనమే. చెయ్యాల్సింది మనమే.

మోసం చేసే గుర్తులు మూడు ఉన్నాయి. ఒకటి, కంటిపాప పెద్దదై వెలుతురుకు కదలకపోవడం. మామూలుగా అది చావుకు గుర్తు. పిడుగు కేసులో కాదు. కంటి నరాలు దెబ్బతిన్నా అలాగే ఉంటుంది. రెండు, కాళ్లూ చేతులూ చల్లబడి, నీలంగా మారి, కదలిక లేకపోవడం. దీన్ని కెరానోపెరాలిసిస్ అంటారు. రక్తనాళాలు కుచించుకుపోవడం వల్ల వచ్చే తాత్కాలిక పక్షవాతం ఇది. సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. మూడు, మణికట్టు దగ్గర నాడి దొరకకపోవడం. పై కారణం వల్లే అక్కడ నాడి దొరకదు, మెడ దగ్గర చూడాలి. “చల్లబడింది, నీలంగా ఉంది, నాడి లేదు, కళ్లు తేలేసింది” అని మన ఊళ్లో చెప్పే చావు గుర్తులన్నీ బతికున్న మనిషిలో కూడా ఉండవచ్చన్న మాట!

పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా?

పిడుగు పడిన మనిషిని ముట్టుకుంటే మనకూ షాక్ కొడుతుందని చాలామంది భయం. ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? కరెంటు స్తంభం దగ్గర, మోటారు దగ్గర జరిగే ప్రమాదాల నుంచి వచ్చింది. అక్కడ ఆ భయం న్యాయమే. తీగ ఇంకా ఒంటికి తగిలి ఉంటే కరెంటు ప్రవహిస్తూనే ఉంటుంది. స్విచ్ ఆపకుండా ముట్టుకుంటే రెండో ప్రాణం పోతుంది. పిడుగు అలా కాదు. అది వచ్చింది, పోయింది. ఒంట్లో నిలవ ఉండదు. మనిషి బ్యాటరీ కాదు. పిడుగు తగిలిన మనిషిని మరుక్షణమే ముట్టుకోవచ్చు. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం పనికిరాదని మన సామెతే చెబుతోంది. కరెంటు తీగకూ పిడుక్కీ కూడా ఒకటే మంత్రం పనికిరాదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పిడుగు దెబ్బకు కరెంటు తీగ తెగి పక్కన పడి ఉందేమో ముందు చూసుకోవాలి.

“ముట్టుకోవద్దు” అనే మాట మనకు కొత్త కాదు. మన తాతలు ఆ మాట విని విని బతికారు. ఆ మాట ఎంత అబద్ధమో మనకంటే ఎవరికి బాగా తెలుసు? పొలంలో పడిపోయిన మనిషి చుట్టూ జనం వలయంగా నిలబడి “ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు” అంటుంటే, ఆ వలయంలోంచి ముందుకు వెళ్లాల్సింది మనమే. ఎవరి నోటికి ఎవరు ఊపిరి ఊదాలి అనే ప్రశ్న కూడా ఊళ్లో వస్తుంది. మగవాళ్లు, ఆడవాళ్లు అనే మాట వస్తుంది. ఇంకో మాట కూడా వస్తుంది. ఊపిరికి కులం లేదు. మొహమాటం ఉంటే పల్చటి గుడ్డ అడ్డం పెట్టుకోండి. కానీ ఆగకండి.

కొన్నిచోట్ల ఇంకో ఘోరం జరుగుతోంది. ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ రాష్ట్రాల్లో పిడుగు తగిలినవాళ్లను మెడదాకా పేడలో పాతిపెట్టిన సంఘటనలు పేపర్లలో వచ్చాయి. పేడ కరెంటును లాగేస్తుందని నమ్మకం. ఒంట్లో లేని కరెంటును ఏం లాగుతుంది? ఊపిరి లేని మనిషి ఛాతీని పేడతో బిగిస్తే ఉన్న కాస్త అవకాశం కూడా పోతుంది.

ఏం చెయ్యాలి?

ఇది అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన భాగం. వీలైతే ఈ పేజీ చించి ఇంటికి తీసుకెళ్లండి.

మొదట మన క్షేమం. పిడుగు ఒకసారి పడినచోట మళ్లీ పడదనేది అబద్ధం. చెట్టు కిందో, గట్టు మీదో ఉంటే పడిపోయిన మనిషిని కాస్త సురక్షితమైన చోటికి లాగండి. విసిరేసినట్టు పడి ఉంటే మెడకు, వెన్నెముకకు దెబ్బ తగిలి ఉండవచ్చు కాబట్టి తల, మెడ కదలకుండా పట్టుకోండి.

నలుగురైదుగురు ఒకేసారి పడిపోతే ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలి? మామూలు ప్రమాదాల్లో ఊపిరి లేనివాళ్లను వదిలి ఊపిరి ఉన్నవాళ్లను ముందు చూస్తారు. పిడుగు విషయంలో డాక్టర్లు దీన్ని తలకిందులు చేస్తారు. అరిచేవాళ్లు, మూలిగేవాళ్లు, కదిలేవాళ్లు ఎక్కువగా బతుకుతారు. అరవని మనిషి దగ్గరికి ముందు వెళ్లండి.

భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే పది సెకన్లలోపు ఊపిరి ఉందో లేదో చూడండి. ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగపీల్చడం ఊపిరి కింద లెక్క కాదు. ఒకరు 108కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 ఈ రోజు ప్రతి ఊరికీ తెలిసిన నంబరే. కానీ 108 వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడటానికి కాదు ఆ నంబరు.

మనిషిని గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా గట్టిగా నొక్కండి. పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్ల లోతు దిగాలి, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వండి. 30 సార్లు నొక్కాక నుదురు వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు ఊదండి. ఛాతీ లేచిందో లేదో చూడండి. మళ్లీ 30, మళ్లీ 2. పిల్లలకైతే ఛాతీ మందంలో మూడో వంతు లోతు చాలు. చిన్నవాళ్లకు ఒక్క చేత్తో నొక్కండి. అలసిపోతే రెండు నిమిషాలకొకసారి మనిషి మారండి. మెడ దగ్గర నాడి చూడటం నేర్చినవాళ్లుంటే, నాడి ఉండి ఊపిరి మాత్రమే లేదని తేలితే, ఆరు సెకన్లకొకసారి ఊపిరి ఊదుతూ ఉండండి. నాడి సంగతి తెలియకపోతే 30, 2 చొప్పున చేస్తూనే ఉండండి. 108 సిబ్బంది వచ్చి చేతిలోకి తీసుకునేదాకా ఆపొద్దు.

ఊపిరి ఉండి స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తడి బట్టలు తీసి దుప్పటి కప్పండి. నోట్లో నీళ్లు పోయకండి. ఉల్లిపాయ వాసన, చెప్పు వాసన చూపిస్తూ సమయం పోగొట్టకండి.

లేచి కూర్చున్నా, “నాకేం కాలేదు” అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఈసీజీ తీయించాలి. గుండె లయ తప్పి ఉంటే పరిశీలనలో పెడతారు. కాలిన గాయాలుంటే ధనుర్వాతం ఇంజెక్షన్ ఇస్తారు. తగిలినవాళ్లలో సగం మందికి పైగా చెవిలోని కర్ణభేరి చిరిగి ఉంటుంది. పిలిస్తే పలకకపోవడం ఒక్కోసారి చెవి వినపడక కూడా కావచ్చు. కళ్లలో శుక్లాలు కొన్ని రోజులకో, కొన్ని ఏళ్లకో రావచ్చు. గర్భిణి అయితే కడుపులో బిడ్డను తప్పకుండా చూపించాలి.

బతికినవాళ్ల సంగతి

అమెరికా లెక్కల ప్రకారం పిడుగు తగిలిన పదిమందిలో సుమారు తొమ్మిది మంది బతుకుతారు. మన దగ్గర పోయినవాళ్ల లెక్క కనిపించినట్టు బతికినవాళ్ల లెక్క కనిపించదు. వాళ్లు ఏమయ్యారు? చాలామందికి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు, ఒళ్లు నొప్పులు, ఊరికే కోపం రావడం ఏళ్ల తరబడి ఉంటాయి. పైకి గాయం కనిపించదు. దాంతో ఇంటివాళ్లు “పని ఎగ్గొట్టడానికి వేషాలు” అంటారు. బడి పిల్లాడైతే “మొద్దు” అంటారు. మన హాస్టళ్లలో కూడా అలాంటి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉండవచ్చు. చదివింది గుర్తుండక వెనకబడుతున్న పిల్లాణ్ని కొట్టే ముందు, తిట్టే ముందు అతనికి ఏం జరిగిందో అడగాలి. అది మెదడుకు తగిలిన దెబ్బ, బద్ధకం కాదు.

రాకముందు జాగ్రత్త

వైద్యం కంటే ముందు జాగ్రత్త. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. శబ్దం సుమారు మూడు సెకన్లకు ఒక కిలోమీటరు నడుస్తుంది. 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్లలోపే ఉంది. పని ఆపి పక్కా ఇంట్లోకి గానీ, తలుపులు మూసిన బస్సు, కారులోకి గానీ వెళ్లాలి. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు బయటికి రాకూడదు. చెట్టు కింద, మంచె మీద, చెరువులో, ట్రాక్టరు మీద, గడ్డి కప్పిన పాకలో రక్షణ లేదు. రబ్బరు చెప్పులు కాపాడవు. ఎక్కడికీ వెళ్లే వీలు లేకపోతే గుంపుగా నిలబడకుండా దూరం దూరంగా ఉండాలి. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి తల వంచి కూర్చోవాలి, నేలమీద పడుకోకూడదు. ఇది వేరే దారి లేనప్పుడు మాత్రమే. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారు చేసిన దామిని అనే యాప్ దగ్గరలో పడే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంటే వేసి పెట్టండి.

అయితే ఒక్క మాట. “మబ్బు పడితే పొలం నుంచి వచ్చేయండి” అని కూలీలకు చెప్పడం తేలిక. ఆ పూట కూలి ఎవరిస్తారు? ఉరిమినప్పుడు పని ఆపితే కూలి కోయకూడదు అనే కట్టుబాటు ప్రతి ఊళ్లో రావాలి. ఉపాధి పని దగ్గర మేట్‌కు పని ఆపించే అధికారం ఉండాలి. జాగ్రత్తలు చెప్పి కూలి కోస్తే ఆ జాగ్రత్తలు కాగితం మీదే ఉంటాయి.

మేం అడిగేవి

ఒకటి. వేసవి సెలవులకు ముందు ప్రతి హాస్టల్లో ఒక రోజు సీపీఆర్ శిక్షణ పెట్టాలి. బొమ్మ మీద ప్రతి విద్యార్థి చేత చేయించాలి. వార్డెన్ గారు, వంటవాళ్లు, వాచ్‌మన్ కూడా నేర్చుకోవాలి. వ్యాసరచన పోటీ, ఖోఖో పోటీ పెట్టుకున్నట్టే వచ్చే వార్షికోత్సవానికి సీపీఆర్ పోటీ కూడా పెట్టుకుందాం. బొమ్మ దొరికేదాకా పరుపు చుట్ట మీద లయ నేర్చుకోవచ్చు. బాగున్న మనిషి ఛాతీ మీద మాత్రం ఎప్పుడూ ప్రయోగం చెయ్యకండి.

రెండు. హాస్టల్ భవనం మీద పిడుగు కడ్డీ ఉందా? ఉంటే దాని తీగ నేలలోకి సరిగ్గా దిగి ఉందా? ప్రతి ఏడాదీ చూపించాలి. చాలా హాస్టళ్లు ఊరి బయట, ఖాళీ స్థలంలో ఒంటరిగా ఉంటాయి.

మూడు. పిడుగుపాటు చావును విపత్తు చావుగా చూడాలి. ఒడిశా 2015లోనే దీన్ని రాష్ట్ర విపత్తుగా గుర్తించింది. మన ఊళ్లలో ఎవరైనా పోతే పంచనామా, పోస్టుమార్టం లేకుండా పూడ్చవద్దని చెప్పండి. ఆ కాగితాలు లేకపోతే ఆ ఇంటి పిల్లలు సాయం అడగడానికి ఆధారం ఉండదు.

నాలుగు. ఇది మా పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు. మీలో నర్సులున్నారు, 108లో పనిచేసేవాళ్లున్నారు, టీచర్లున్నారు, కానిస్టేబుళ్లున్నారు. వార్షికోత్సవానికి వచ్చి మాకు పెన్నులు, ప్యాడ్లు ఇస్తున్నారు. చాలా సంతోషం. ఈసారి ఒక ఆదివారం పూట వచ్చి మా చేతులకు ఆ పని నేర్పండి. పెన్ను పరీక్షకు పనికొస్తుంది. ఆ పని ప్రాణానికి పనికొస్తుంది.

సీపీఆర్ చేసినా అందరూ బతకరు. ఆ అబద్ధం మేం చెప్పం. కానీ చెయ్యకపోతే బతకగలిగినవాళ్లు కూడా పోతారు. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి పరీక్షలు దగ్గరపడతాయి. ఆ తర్వాత సెలవులు. పిడుగుల కాలంలోనే మనం ఇళ్లకు వెళతాం, అమ్మానాయనలతో పనికి వెళతాం. ఇంటికి వెళ్లిన మొదటి రోజే మీ వాకిట్లో పదిమందిని కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పండి. పిడుగు పడిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. అరవని మనిషి దగ్గరికి ముందు వెళ్లాలి. ముట్టుకోవాలి, ఊపిరి ఇవ్వాలి, ఆపకూడదు.